బీట్‌కు ఇంకో మాట

శామీర్‌పేట చెరువు కట్ట వెంట ఇప్పుడు చేపలు వేయించి అమ్మే బండ్లు బారులు తీరి ఉంటాయి. ఆదివారం వచ్చిందంటే నగరం నుంచి కార్లలో జనం దిగి, కాగితం పళ్ళేలు చేత పట్టుకుని నీళ్ళ వైపు చూస్తూ తింటారు. కట్ట దిగే చోట ఉన్న బండి మా మేనమామ కూతురు యాదమ్మది. నేను గుండ్లపోచంపల్లిలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాను. ఇంగ్లీషు టీచరు పని మానేశాక పొద్దు గడవనప్పుడు అటు వెళ్తుంటాను. మొన్న వెళ్ళేసరికి బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆమె మనవరాలు శ్రావణి హోంవర్కు చేసుకుంటోంది. నన్ను చూడగానే ప్రాణం లేచి వచ్చినట్టు పుస్తకం నా ముందుకు తోసింది.

"తాతా, నువ్వు ఇంగ్లీషు సారువు గదా! బీట్‌కు సినానిమ్స్ ఐదు రాయాల్నట. జల్ది చెప్పు, నేను ఆడుకోను పోవాలె."

బతుకంతా పిల్లలకు చెప్పిన చదువు కదా, ఆలోచించే పని లేకుండా నోటికి వచ్చేసింది. "హిట్, స్ట్రైక్, స్లాప్, పౌండ్..." అన్నాను. అయిదోది అనబోతుంటే, పెనం ముందు నుంచి, ఇటు తిరగకుండానే యాదమ్మ అంది.

"థ్రాష్."

శ్రావణి కళ్ళు పెద్దవి చేసింది. "ఓ అవ్వా! నీకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చిందే?"

"గదొక్కటే వచ్చు బిడ్డా. తక్కినయన్ని మర్శిన," అని యాదమ్మ చేపను తిరగేసింది. నూనె చిటపటమంది. నేను పళ్ళెంలో ముక్కను విరవబోయి ఆగిపోయాను. ఆ మాట ఆమెకు తెలియని రోజు ఒకటుంది. తెలియనందుకు ఆమెను కొట్టింది నేను. ఆ దెబ్బతో ఆమె ఎడమ చెవి పోయింది. ఊళ్ళో పాతవాళ్ళకు చెవి సంగతి తెలుసు, ఎవరి చెయ్యో మాతో చదివినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెతో మాట్లాడాలనుకున్న వాళ్ళు ఇప్పటికీ బండి చుట్టూ తిరిగి కుడి వైపుకు వెళ్తారు. నేనూ అలాగే వెళ్తాను, అందరిలాగే, నాకేమీ సంబంధం లేనట్టు.

మాది చేపలు పట్టే ఇల్లు. నాయిన ఇల్లరికం వచ్చాడు కాబట్టి మేమూ, మా మామ కుటుంబమూ ఒకే వాకిట్లో ఉండేవాళ్ళం. మధ్యలో నాకూ యాదమ్మకూ ఒకే అవ్వ. వాకిలంతా ఎప్పుడూ తడి వలల వాసన, చేపల పొలుసు, ఎండబెట్టిన పరక చేపల ఘాటు. తెల్లవారకముందే మామ, నాయిన తెప్ప మీద వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వచ్చేసరికి అవ్వ బండ కడిగి, కుండెడు బూడిద పక్కన పెట్టుకుని కూర్చునేది. కొర్రమట్ట గంటలకొద్దీ చావదు. గంపలో ఎగిరెగిరి పడుతుంది. అవ్వ దాని నడుం బూడిద చేత్తో ఒడిసిపట్టి, రోకలి మొదలుతో తల మీద ఒక్కటి వేసేది. ఆ చప్పుడుతోనే మాకు తెల్లారేది. బూడిద రాయడం, పొలుసు గీకడం, పేగులు తీయడం యాదమ్మ పని. బడికి పోయేముందు ఆ పని అయిపోవాలి. చేతులెంత కడిగినా వాసన పోదని తలకు రాసుకునే కొబ్బరినూనె చేతులకూ రాసుకునేది. బళ్ళో ఆమె పక్కన కూర్చునే పిల్లలు అయినా ముక్కు మూసుకునేవాళ్ళు.

దెబ్బకు మా ఇంట్లో ఉన్నన్ని పేర్లు ఏ పుస్తకంలోనూ నేను తరువాత చూడలేదు. అవ్వది మొట్టికాయ. అమ్మది చరుపు, అదీ వీపు మీదే, చేతిలో పని ఆపకుండా. నాయినది గుద్దు. తాగి వచ్చిన రోజు మాత్రం తడిసిన వలతాడు. ఆ తాడు దెబ్బ మొదట చల్లగా తగిలి, ఊపిరి పీల్చుకునేలోపు మండేది. మామ కొట్టేదానికి మాత్రం పేరు లేదు. "మామ లేసిండు" అనేవాళ్ళం, అంతే. మామ లేచాడంటే అత్త పిల్లలను తీసుకుని మా అర్ర వైపు వచ్చేది. ఒకసారి చేపల గంపలు కొనే మనిషితో మాట పట్టింపు వచ్చి, అతని పన్ను రెండుగా విరిగేదాకా కొట్టి, ఆ చేత్తోనే వచ్చి బువ్వ తిన్నాడు. మేమంతా గోడకు ఆనుకుని చూశాం. ఎవరూ ఏమీ అనలేదు. అన్నం తినేవాణ్ణి ఏమంటాం అన్నట్టుగా.

అలాంటి మామ యాదమ్మను బడికి పంపడం ఒక వింత. మా అమ్మ తన అన్న కాళ్ళు పట్టుకుంటే ఒప్పుకున్నాడు. కానీ షరతు పెట్టాడు. ఆ మాట ఆ ఇంట్లో ఉన్న అందరికీ కంఠతా వచ్చు.

"ఏడో తరగతి పరీచ్చ పాసయితె మేడ్చల్ బడికి పంపిస్త. పాస్ గాకుంటె బంద్. బడిల దెబ్బలు తిని ఏడ్సుకుంట ఇంటికొచ్చినవో, ఆ దినమే బంద్. గంప నెత్తిమీద పెడ్త. సమజైందా?"

"అయింది బాపూ," అనేది యాదమ్మ. పొలుసు గీకుతూనే పాఠాలు చదివేది. ఒక్కో చేపకు ఒక్కో మాట పెట్టుకునేది. బొచ్చెకు ఒకటి, రవ్వకు ఒకటి. అది శుభ్రమయ్యేసరికి మాట నోటికి రావాలి. రాకపోతే శుభ్రమైన చేపనే మళ్ళీ గీకుతూ కూర్చునేది. "తోలు గూడ ఉంచుతలేవు గదనే, ఏం తింటరే నీ సదువు?" అని అవ్వ మొట్టేది.

మా ఇంగ్లీషు సారు మచ్చ బొల్లారం నుంచి బస్సులో వచ్చేవాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. తక్కిన సార్ల చేతుల్లో ఈతబర్రలుండేవి. మా సారు మాత్రం, "నేను కట్టె పట్టను, పిల్లలను ముట్టను," అని గర్వంగా చెప్పుకునేవాడు. నిజమే, ఆయన చేతికి సుద్దముక్క తప్ప ఏదీ అంటేది కాదు. ఆయన పద్ధతి వేరు. ప్రశ్న అడుగుతాడు. తెలిసినవాడు లేచి జవాబు చెప్పి, తెలియని వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఎడమ చేత్తో ముక్కు పట్టుకుని కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. మెత్తగా కొడితే ఊరుకునేవాడు కాదు. మా తరగతిలో రాజిగాడని దున్నపోతులాంటి పోరగాడు ఉండేవాడు. వాణ్ణి లేపి, "రాజయ్యా, దెబ్బ అంటే ఎట్లుంటదో గీ పిల్లకు సూపియ్యి," అనేవాడు. మెత్తగా కొట్టిన వాళ్ళ చెంప మీద రాజిగాడు చూపించేవాడు. ఈ పద్ధతి ఆ రోజుల్లో చాలా బళ్ళలో ఉండేది. దాన్ని తప్పని అనుకున్నవాళ్ళు నాకు తెలిసి ఒక్కరూ లేరు. తెలివైనవాడికి అది బహుమానం.

సారు వారానికొక మాట తీసుకునేవాడు. బోర్డు పైన పెద్దగా రాసి, కింద దాని అర్థాలు, ఇంకా కింద దానికి సమానమైన మాటలు రాసేవాడు. శనివారం బోర్డు తుడిచేసి అడిగేవాడు. యాదమ్మ దాదాపు ప్రతి వారం గెలిచేది. నేను దాదాపు ప్రతి వారం ఓడేవాణ్ణి. అందుకని ఆమె వచ్చి నా ముక్కు పట్టుకోవలసి వచ్చేది. మేమిద్దరం ఒక ఉపాయం కనిపెట్టాం. దెబ్బ పడేముందు చెంపలో గాలి నింపుకుంటే చప్పుడు బాగా వస్తుంది, నొప్పి ఉండదు. కొట్టేవాళ్ళు వేళ్ళు వదులుగా పెట్టాలి. ఆమె ఎప్పుడూ అలాగే కొట్టేది. అయినా సారు కొన్నిసార్లు పసిగట్టేవాడు. అప్పుడు రాజిగాడు లేచేవాడు. నా కోసం యాదమ్మ ఆ చేతి దెబ్బలు ఎన్నిసార్లు తిన్నదో నేను లెక్కపెట్టలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి కానీ కిందికి జారేవి కావు. జారితే బడి బంద్ అని ఆమెకు తెలుసు.

ఇంత చేసినందుకు నాలో పుట్టింది కృతజ్ఞత కాదు, కోపం. ఇంటర్వెల్లులో రాజిగాడు, వాడి వెంట తిరిగేవాళ్ళు నా చుట్టూ చేరేవాళ్ళు. "ఏం రా సత్తిగా, పెండ్లికి ముందే పెండ్లాం చేత తింటున్నవ్!" "చేపల వాసన రాకుండ కొట్టమను రా!" మరదలు కాబట్టి వాళ్ళ ఎగతాళికి అంతు లేదు. నేను వాళ్ళను ఏమీ అనలేకపోయాను. అనలేనిదంతా ఆమె మీద పోగుచేసుకున్నాను. మెత్తగా కొట్టడం కూడా నన్ను తక్కువ చేయడానికే అనిపించేది.

ఆ వారం మాట బీట్. సారు దాని అర్థాలు చెప్పాడు. గుండె కొట్టుకోవడం బీట్, డప్పు కొట్టడం బీట్, ఆటలో ఓడించడం బీట్, వాన రేకుల మీద పడటం కూడా బీటేనట. సొంతంగా వాక్యం చెప్పమంటే యాదమ్మ లేచి, "మై గ్రాండ్‌మదర్ బీట్స్ ద ఫిష్," అంది. తరగతంతా విరగబడి నవ్వింది. సారు కూడా నవ్వాడు. "తప్పులేదు, మంచి వాక్యం. మీ అవ్వ చేపను ఎందుకు కొడుతది?" అన్నాడు. "చావనీకి సారూ," అంది ఆమె. మళ్ళీ నవ్వులు. నేను నవ్వలేదు. ఆమెను సారు మెచ్చుకోవడం నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ శుక్రవారం సారు తన డిక్షనరీ తెమ్మని నన్ను ఆఫీసు గదికి పంపాడు. దారిలో వరండాలో నిలబడి బీట్ అన్న మాట వెతికాను. బోర్డు మీద లేని ఒక మాట ఉంది. నాలుక తిరగదు. రాత్రంతా దుప్పట్లో అదే గొణుక్కున్నాను. మరునాడు సారు బోర్డు తుడిచి అడిగాడు. యాదమ్మ గుక్క తిప్పుకోకుండా అన్నీ చెప్పింది. అప్పుడు నేను చెయ్యెత్తాను.

"ఇంకొకటి ఉంది సారూ."

సారు కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఏంది?"

"థ్రాష్."

సారు నా వైపు చూసి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. "శభాష్! ఇంకెవరికన్న తెలుసా? యాదమ్మా, నీకు?" ఆమె తల అడ్డంగా ఊపింది. "అయితే కానీయ్ సత్తయ్యా, మొత్తం తరగతి నీదే," అన్నాడు. నేను మొదటి వరుస నుంచి మొదలుపెట్టాను. రాజిగాణ్ణి కొట్టాను. వాడి ఎగతాళి చేసే నోరు చెంపతో పాటు పక్కకు తిరగడం చూశాను. చెయ్యి మండుతోంది. ఆ మంట హాయిగా ఉంది. అది నేను దాచుకోను. నాయిన వలతాడు పట్టుకున్నప్పుడు ఆయన మొహంలో ఏముండేదో ఆ రోజు నా మొహంలో అదే ఉండి ఉంటుంది. వరుస దాటి వరుస కొట్టుకుంటూ యాదమ్మ దగ్గరికి వచ్చాను.

ఆమె నన్ను చూసి కొంచెం నవ్వింది. మన ఉపాయం ఉంది కదా అన్న నవ్వు. చెంపల నిండా గాలి నింపుకుని నిలబడింది. నేను ఎడమ చేత్తో ఆమె ముక్కు గట్టిగా మూశాను. చెయ్యెత్తి, కొట్టలేదు. ఆగాను. ముక్కు మూసుకుపోయి, నోరు మూసుకుని ఎంతసేపుంటుంది? ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "బావా" అని కళ్ళతోనే అంది. నేను ఆగాను. చివరికి ఊపిరి అందక నోరు తెరిచింది. చెంప వదులైంది. అప్పుడు కొట్టాను, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి. ఆమె ముఖం తిప్పుకోబోయింది. దెబ్బ చెంప దాటి చెవి మీద పడింది.

ఆమె బల్ల మీద కూలబడింది. ఏడవలేదు. కాసేపటికి చెవిలోంచి సన్నగా నెత్తురు దారం లాగా మెడ మీదికి దిగింది. చున్నీతో ఒత్తుకుని, గంట కొట్టేదాకా కదలకుండా కూర్చుంది. తరువాత బోరింగు దగ్గర కడుక్కుంటుంటే నేను దూరంగా నిలబడ్డాను. ఆమే నా దగ్గరికి వచ్చింది.

"ఇంట్ల చెప్పకు బావా. బాపుకు ఎరుకైతె బడి బంద్ జేస్తడు."

"చెప్ప," అన్నాను. ఆమె భయం నాకు గొడుగైంది. చెప్పకపోవడం ఆమె కోసమే అని అప్పటి నుంచే నన్ను నేను నమ్మించుకోవడం మొదలుపెట్టాను.

కొన్నాళ్ళకు చెవి చీము పట్టింది. ఇంట్లో చేపల వాసనలో కూడా ఆ వాసన తెలిసేది. "చెవుల ఏమైందే?" అని అవ్వ అడిగితే, "చెరువుల మునిగితే నీళ్ళు వోయినయి అవ్వా," అంది. అవ్వ వెల్లుల్లి కాచిన నూనె పోసింది. ఆ రాత్రి ఆమె చాప కొరుక్కుంటూ పడుకోవడం నేను పక్క అర్రలోంచి విన్నాను. ఒకరోజు పొద్దున మామ తెప్ప దిగి, గంప అందుకోమని ఆమెను ఎడమ వైపు నుంచి పిలిచాడు. ఆమె పలకలేదు. మళ్ళీ పిలిచాడు. ఆమె పొలుసు గీకుతూనే ఉంది. మామ లేచాడు. "బాపు పిలుస్తుంటె పలుకవానె? సదువు నెత్తికెక్కిందా?" అంటూ అదే చెవి మీద కొట్టాడు. ఆమె బండ మీద పడింది. ఈసారి నెత్తురు బూడిదలోకి కారింది. అవ్వ గుండెలు బాదుకుంటూ వచ్చి కొడుకును నెట్టింది. "సంపినవు గదరా పొల్లను!"

మేడ్చల్లో డాక్టరు చూసి, లోపల పొర చినిగిందనీ, ఇది పాత దెబ్బ అనీ చెప్పాడు. ఎవరో గట్టిగా కొట్టి ఉంటారన్నాడు. ఆ మాట మామకు ఒక ఊరటలాగా తగిలింది. తన చెయ్యి కాదు, ఇంకెవరిదో. "ఎవడు కొట్టిండు?" అని బిడ్డను అడిగాడు. "బడిల," అంది. "బడిల ఎవడే?" ఆమె నోరు విప్పలేదు. మామ ఇంటికి రాగానే తెప్ప నడిపే గడకర్ర అందుకుని బడి వైపు నడిచాడు. వద్దు వద్దంటూ అమ్మ వెంటపడింది. నేను వాళ్ళ వెనక పరుగెత్తి, బడి గోడ పక్కన నిలబడ్డాను.

సారు అప్పుడే సుద్దముక్క పట్టుకుని వరండాలోకి వచ్చాడు. "నా బిడ్డను కొట్టింది ఎవడు రా?" అన్నాడు మామ. సారు ముఖం తెల్లబోయింది. చుట్టూ చూశాడు. గోడ పక్కన నేను కనిపించాను. మా చూపులు కలిశాయి. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే మామకు వినిపిస్తుందేమో అనుకున్నాను. పిల్లలందరికీ తెలుసు. ఒక్కరూ పలకలేదు. మామ చేతిలో కర్ర చూసి ఎవరు పలుకుతారు? నేను ఒక్క మాట అంటే చాలు. "నేనే మామా" అంటే చాలు.

సారు నా మీంచి చూపు తిప్పుకున్నాడు. "నేనే కొట్టించిన," అన్నాడు.

"ఎవనితోటి?"

"నేనే అంటున్న గద. నాదే తప్పు."

కర్ర లేచింది. మొదటి దెబ్బ ఆయన అడ్డం పెట్టిన కుడి మణికట్టు మీద పడింది. ఎండు కట్టె విరిగిన చప్పుడు వచ్చింది. రెండోది భుజం మీద. కిందపడ్డాక కూడా మామ ఆపలేదు. నోట్లోంచి నెత్తురు ఇస్త్రీ చొక్కా మీద పడింది. "సారూ సారూ" అని పిల్లలు ఏడుస్తున్నారు. అమ్మ మామ కాళ్ళకు చుట్టుకుంది. తోవలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి పట్టుకునేదాకా ఆ కర్ర లేస్తూనే ఉంది. నేను గోడ దగ్గరి నుంచి కదలలేదు. అప్పుడు నా పంట్లాం తడిసింది. నాకు అంతకంటే చెప్పుకోవడానికి ఏమీ లేదు.

సారు మళ్ళీ మా బడికి రాలేదు. పోలీసులకు చెప్పలేదని, వేరే చోటికి మార్పించుకున్నాడని అన్నారు. వింతేమిటంటే, అదయ్యాక మామ మెత్తబడ్డాడు. కొట్టింది బయటివాడు, తాను బదులు తీర్చాడు. లెక్క సరిపోయిందనుకున్నాడు. "ఇగ నిన్ను ఎవ్వడు ముట్టడు, పోయే బడికి," అని తానే పంపాడు. యాదమ్మ మళ్ళీ వచ్చింది, ఒక చెవితో. కానీ ఆ ఏడు మాకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళే లేరు. ఖాళీ పీరియడ్‌లో ఆమె సారు చెప్పినంతవరకు ఉన్న పాఠాలనే మళ్ళీ మళ్ళీ చదివేది. తరువాతి పాఠాలు ఎవరిని అడగాలో తెలియక పుస్తకం తెరిచి చూస్తూ కూర్చునేది. ఏడో తరగతి పరీక్షలో అన్నింట్లో పాసయి ఇంగ్లీషులో పోయింది. నేను బట్టీ పట్టిన రెండు జవాబులు తగలడంతో గీత మీద గట్టెక్కాను. "పాస్ గాలేదు గద," అన్నాడు మామ, కోపం లేకుండానే. మరుసటి పొద్దున ఆమె నెత్తి మీదికి గంప ఎక్కింది. నేను మేడ్చల్ బడికి వెళ్ళేటప్పుడు ఎదురొచ్చేది. పక్కకు తప్పుకుని తోవ ఇచ్చేది.

తరువాత నా బతుకు ఇంగ్లీషు చెప్పుకునే బతుకయింది. మేడ్చల్లో ఒక ప్రైవేటు బళ్ళో చేరాను. సిగ్గుతో రాస్తున్నాను, ఏళ్ళ తరబడి నేనూ సారు పద్ధతే పాటించాను. తెలిసినవాణ్ణి లేపి తెలియని వాళ్ళ మీదికి పంపాను. నేనూ "పిల్లలను ముట్టను" అని గర్వంగా చెప్పుకున్నాను. కొట్టే పిల్లవాడి ముఖంలో ఆ హాయి కనిపించినప్పుడు గుర్తుపట్టాను. గుర్తుపట్టీ ఊరుకున్నాను. మా అబ్బాయి మీద మాత్రం నా చెయ్యి ఆగలేదు. వాడు ఇప్పటికీ నేను పక్కన గబుక్కున లేస్తే మెడ ముడుచుకుంటాడు. బళ్ళో ఆ పద్ధతి మానేసింది కూడా మనసు మారి కాదు. తల్లిదండ్రులు ఫోన్లలో వీడియోలు తీయడం మొదలుపెట్టాక, యాజమాన్యం హెచ్చరించాక మానేశాను. ఇప్పుడు శ్రావణి వాళ్ళ బళ్ళో ఎవరూ ఎవరినీ ముట్టరు. జవాబు రానివాళ్ళ పేర్లు రోజూ తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో పెడతారట. కింద అందరూ శభాష్ అన్నట్టు బొటనవేలు పైకెత్తిన గుర్తులు పెడతారట. ఈ కాలం మంచిదనే అంటాను. పిల్లల చెవులు చెవుల్లాగే ఉన్నాయి. కానీ ఆ పేర్లు చదివేటప్పుడు శ్రావణి గొంతులో ఒక హుషారు వినిపించింది. ఆ హుషారు నాకు తెలుసు.

ఆ సాయంత్రం శ్రావణి ఆటకు పోయాక నేను బండి చుట్టూ తిరిగి యాదమ్మ కుడి వైపుకు వెళ్ళాను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాని మాట అప్పుడు బయటికి వచ్చింది.

"యాదీ, ఆ దినం నేను కొట్టిన గద... కావాల్నని ఆగి కొట్టిన."

"ఎరికె," అంది, పెనం మీంచి చూపు తీయకుండా. "ఊపిరాడక సస్తున్న. నువ్వు సూస్తున్నవు. నాకెరుకలేదా?"

"తప్పు జేసిన."

"కొట్టుడు సంగతి ఎవలడిగిండ్రు బావా? అందరు కొట్టిండ్రు నన్ను. బాపు కొట్టిండు, రాజిగాడు కొట్టిండు, కట్టుకున్నోడు కొట్టిండు. నీ చెయ్యి ఏం పెద్ద చెయ్యి?" చేప ముక్కను కాగితంలోకి తీసి, ఎదురుగా నిలబడ్డ కుర్రాడికిచ్చి, మళ్ళీ నా వైపు తిరిగింది. "గోడకాడ నిలవడ్డవు సూడు, గదీ నేను మర్వనిది. నేను గూడ మీ అమ్మ ఎన్క వచ్చిన ఆ దినం. నేను చెప్తె బాపు నిన్ను సంపుతడని నోరు మూస్కున్న. నువ్వే చెప్తె ఏం జేస్తుండె? మేనల్లునివి. రెండు గుద్దుతుండె, మూడో దినం నీకు చేపల పులుసు పెడుతుండె. సారు ఉంటుండె. సారుంటే నేను పాసయితుంటి."

ఆమె కోపంగా లేదు. అదే నన్ను ఎక్కువ కొట్టింది.

"చెవు పోతె పోయింది. సారు పోయిండు గద బావా," అంది. పెనం మీద చేపను తిరగేసి, "ఉన్నడా సారు? ఏడుంటడో ఎరుకేనా?"

"మచ్చ బొల్లారంలనే. ఒకసారి బస్సు కిటికీలకెల్లి కనవడ్డడు. చెయ్యి వంకర వోయింది. వాళ్ళ గల్లీ ఎరికె."

"ఎన్నడన్న దిగినవా?"

"లేదు."

"మస్తు సార్లు పోయింటవు గదా ఆ బస్సుల."

"పోయిన."

"మరి నా కాడికొచ్చి ఏం జెప్తవు? ఆడ దిగు," అని ఆమె తరువాతి గిరాకీ వైపు తిరిగింది. "ఏం గావాలె తమ్మీ? రవ్వనా, కొర్రమట్టనా?"

ఆ వారమే దిగాను. టీ కొట్లో అడిగితే ఇల్లు చూపించారు. కోడలు తలుపు తీసి, "మామయ్యా, మీ స్టూడెంటట," అని లోపలికి కేకేసింది. సారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. పేపరు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో వంకరగా పడి ఉంది. గొంతు మాత్రం అదే మెత్తటి గొంతు.

"ఎవరు నాయనా?"

"శామీర్‌పేట సారూ. సత్తయ్యను."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. నేను కూర్చోకుండానే చెప్పాను. "యాదమ్మను కొట్టింది నేను సారూ. మా మామ అడిగినప్పుడు గోడ పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు."

"కొట్టమన్నది నేను గద," అన్నాడు సారు. "నీ పేరు చెప్తే ఆ కట్టె నీ మీద పడుతుండె. పిల్లవానివి, సస్తవనుకున్న. అందుల గొప్పేం లేదు సత్తయ్యా. పని నాది, దెబ్బ నాది. అటెన్క బళ్ళె నిలబడబుద్ధి కాలె. అర్జీ పెట్టుకుని ఆఫీసు పనికి మారిన." వంకరపోయిన చేతిని ఎడమ చేత్తో సవరించుకున్నాడు. చివరికి అడిగాడు.

"నాకు ఒక్కటే తెలుసుకోవాలని ఉండె. ఎవరిని అడగాలో తెల్వలె. ఆ పిల్ల మస్తు తెలివిగల్ల పిల్ల. ఏడో తరగతి పాసయిందా?"

కోడలు మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా ముందు పట్టుకుని నిలబడింది. నేను అందుకోలేదు.

"ఫేలయింది సారూ," అన్నాను. "ఇంగ్లీషులో."